సొంత గొంతుకు కిరాయి

పటాన్‌చెరు నుంచి రుద్రారం దాకా షేర్ ఆటో నడిపే మొగులయ్య, ఆ దారిలో ముఖంకంటే గొంతుతోనే ఎక్కువమందికి తెలుసు. మొదటి షిఫ్టుకు వెళ్ళే కార్మికులు ఆటో ఎక్కగానే కళ్ళు మూసుకుంటారు. ఎక్కడ దిగాలో వాళ్ళు గుర్తుపెట్టుకోనక్కరలేదు. అది మొగులయ్య పని. కంపెనీ గేటు దగ్గరపడగానే వెనక్కి తిరగకుండానే పిలిచేవాడు.

"పైపుల కంపెనోళ్ళు లేవుండ్రి. టిఫిన్ డబ్బ మర్శిపోకుండ్రి, మల్ల నేను మోసుకరాను."

లారీల హోరును దాటుకుని ఆ మాట సరిగ్గా నిద్రపోతున్నవాడి చెవిలోనే పడేది. కొంచెం బొంగురుగొంతు. ప్రతి మాట చివరా ఒక చిన్న దగ్గు. ఆ దగ్గు వినపడిందంటే చెప్పాల్సింది చెప్పడం అయిపోయిందని అర్థం.

ఆ గొంతు రెండేళ్ళ క్రితం పోయింది. స్వరపేటికలో గడ్డ లేచింది. హైదరాబాద్‌లో పరీక్షలన్నీ చేసి, దాన్ని పూర్తిగా తీసేస్తే తప్ప ప్రాణం నిలవదన్నారు. మెడకింద చేసే రంధ్రంతో ఊపిరి పీల్చుకోవచ్చు, నోటితో అన్నం తినవచ్చు, ఆటో నడపవచ్చు. మాట్లాడడం మాత్రం కుదరదన్నారు. మొగులయ్య భార్య దేవమ్మ ఆ మాట విని గోడవైపు తిరిగింది. ఆ తర్వాత అంది: "ఊకె ఒర్రుతడని రోజు తిట్టిన. నా నోట్లె మన్నువడ."

ఆపరేషన్‌కు ముందు ఒక ఉపాయం చెప్పింది ఆసుపత్రిలో మాటల శిక్షణ ఇచ్చే అమ్మాయి. రోగి గొంతు పోకముందే కొంత మాట్లాడించి రికార్డు చేసి పంపితే, విదేశంలోని ఒక కంపెనీ ఆ గొంతును కంప్యూటర్‌కు నేర్పుతుంది. ఆ తర్వాత ఫోన్‌లో ఏది రాసినా అదే గొంతుతో వినిపిస్తుంది. మొగులయ్య కూతురు రవళి పాశమైలారంలోని ఒక మందుల ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేస్తోంది. చిట్కుల్ ఊళ్ళోని తమ ఇంటికి చేరేలోగానే ఆమె ఆ కంపెనీ పేజీని వెతికి పట్టుకుంది.

రికార్డింగుకు చోటు దేవమ్మ ఇచ్చింది. వాళ్ళ ఇంటి వెనక వరుసగా రేకుల గదులున్నాయి. ఫ్యాక్టరీల్లో పనికి వచ్చిన ఒడిశా, బీహార్ కుర్రాళ్ళకు వాటిని కిరాయికి ఇస్తుంది. అప్పుడు ఖాళీగా ఉన్న గదిలో నాలుగు గోడలకూ బొంతలు వేలాడదీసి, రోడ్డు చప్పుడు రాకుండా తలుపు సందులో చీరలు కుక్కింది. కంపెనీవాళ్ళు చదవమని కొన్ని వాక్యాలు పంపారు; చదివింది వాళ్ళ ఆప్‌లోనే రికార్డవుతుంది, ఫోన్‌లో నకలు మిగలదు. "నేను నిన్న బజారుకు వెళ్ళాను" అని ఉన్నచోట మొగులయ్య "నేను నిన్న బజార్కు వోయిన" అని చదివాడు.

"బాపూ, రాసినట్టు చదువాలె," అంది రవళి.

"బిడ్డా, అది నా మాట కాదు. నా గొంతు కావాల్నా, పేపరోని గొంతు కావాల్నా?"

రవళి ఇక దిద్దలేదు. ఆయన స్టాపుల పేర్లు అరిచాడు, పోలీసులు ఆపితే ఏమంటాడో అది అన్నాడు, మనవలు పుడితే పిలవడానికని ఊహించుకుని కొన్ని ముద్దుపేర్లు కూడా పలికాడు. ప్రతి వాక్యం చివరా దగ్గాడు. దగ్గులు తీసేసి పంపమని కంపెనీ సూచనల్లో ఉంది. రవళి తీసేయలేదు.

ఆపరేషన్ అయి, గాయం మానాక, మొగులయ్య మొదటిసారి ఫోన్‌లో రాసి బొత్తాం నొక్కాడు. "దేవమ్మ, చాయ్ పొయ్యి" అంది ఫోన్, ఆయన గొంతుతో. ఒక్క క్షణం ఆగి, దగ్గింది.

దేవమ్మ చేతిలో గిన్నె కింద పెట్టి, కొంగుతో ముఖం కప్పుకుంది. "దగ్గు సుత నీదేనయ్యా," అంది.

*

ఈ సేవకు నెలనెలా డబ్బు కట్టాలి. ఆప్ తెలుగులో కూడా ఉంది. అందులో దాన్ని "చందా" అని రాశారు. ఆ మాట చూసి మొగులయ్య ముఖం చిట్లించాడు. ఆయన ఎరిగిన చందా, బోనాలకూ గణేశ్ మండపానికీ రసీదు పుస్తకం పట్టుకుని వచ్చేవాళ్ళు ఎత్తేది. "నా గొంతుకు చందా ఎవలు ఎత్తుతున్నరు? నేనేమన్న గణపతినా?" అని ఫోన్‌తో అనిపించాడు. తర్వాత తనే దానికి పేరు పెట్టాడు. "ఇది కిరాయి. మిషన్ వానిది, గొంతు నాది. సొంత గొంతుకు నేనే కిరాయి కట్టుడేందో గని, కడుత. చందా అంటె దయతోని ఇచ్చేది. కిరాయి అంటె హక్కుతోని ఉండేది."

చట్టం పుస్తకాలు వందల పేజీల్లో విడదీసే తేడాను ఆయన రెండు మాటల్లో తేల్చాడు. ఆ పేరే ఇంట్లో నిలిచింది. తర్వాత వాళ్ళు చేసిన పొరపాటుకు మూలం కూడా ఆ పేరే.

మొదటి నెల డబ్బు రవళి బ్యాంకు కార్డుతో వెళ్ళింది. ఓటీపీ వచ్చింది, కొట్టింది, అయిపోయింది. రెండో నెల ఆ కంపెనీ తనంతట తానే డబ్బు తీసుకోబోతే బ్యాంకు తిరస్కరించింది. మన దేశంలో ఖాతాదారు ముందుగా అనుమతి నమోదు చేయనిదే విదేశీ కంపెనీ నెలనెలా డబ్బు లాక్కోవడానికి వీల్లేదు. ఆ కంపెనీకి అలా నమోదు చేసే ఏర్పాటు లేదు. నియమం మంచిదే, సామాన్యుడి ఖాతాకు కాపలాకే పెట్టారు. కానీ కాపలావాడు దొంగను ఆపినట్టే చుట్టాన్నీ ఆపితే ఏం చేయాలో ఆ నియమం రాసినవారు చెప్పలేదు, బ్యాంకు కౌంటర్లో కూర్చున్నవారూ చెప్పలేదు. "గది ఇంటర్నేషనల్ మేడమ్, మాతోని కాదు," అన్నారు అక్కడ.

దారి చూపింది జైపాల్. దేవమ్మ తమ్ముడి కొడుకు. ఇస్నాపూర్‌లో ఒక వర్క్‌షాపులో లేత్ మిషన్ నడుపుతాడు, ఖాళీ దొరికితే ఫోన్‌లో క్రిప్టో ధరలు చూస్తుంటాడు. ఒక ఆదివారం వచ్చి, ఫోన్ తెరిచి, ఒక కార్డు బొమ్మ చూపించాడు.

"అత్తమ్మా, ఇది బ్యాంకు కార్డు కాదు. నేను క్రిప్టో కొని ఈ కార్డుల వేస్త. డాలర్ లెక్కనే ఉంటది, ఎక్కది దిగది. గొంతు కంపెనోడు నెలకోసారి కార్డుకెల్లి తీసుకుంటడు. ఓటీపీ లేదు, అడిగేటోడు లేడు."

"అడిగేటోడు లేకపోతె గది మంచిదెట్లైతది బావా?" అంది రవళి.

"నీకు ల్యాబుల అన్ని టెస్టు చెయ్యనిది నమ్మబుద్ధి గాదు మరదలా. నన్ను సుత టెస్టు చేస్తవా ఏంది?"

"నిన్ను జేస్తె ఫెయిలైతవు. బ్యాచ్ మొత్తం పారబొయ్యాలె."

మొగులయ్య నవ్వాడు. చప్పుడు లేని నవ్వు. భుజాలు మాత్రమే కదిలాయి.

రవళి సందేహం న్యాయమైనదే. క్రిప్టో కొనడం నేరం కాదు. లాభం వస్తే దానిపై పన్ను వేసే చట్టం ఉంది. డబ్బు ఇరుక్కుపోతే మాత్రం ఎవరి తలుపు తట్టాలో సామాన్యుడికి చెప్పేవారు లేరు. అయినా ఆమె ఒప్పుకుంది. ఆమె ముందు రెండే దారులున్నాయి: అనుమానమున్న కార్డు ఒకటి, తండ్రి మూగతనం రెండోది. ఇలాంటప్పుడు ఇచ్చే సమ్మతిని స్వేచ్ఛగా ఇచ్చినదని అనడం కష్టం.

కార్డు పనిచేసింది. నెల తర్వాత నెల, ఎవరూ ఏదీ నొక్కకుండానే కిరాయి వెళ్ళిపోయేది. మొగులయ్య ఆటో హ్యాండిల్‌కు ఫోన్ బిగించి, దానికి ఒక చిన్న స్పీకర్ తగిలించాడు. రోజూ పిలిచే పిలుపును మాత్రం ఒకసారి పలికించి ఫోన్‌లో దాచుకున్నాడు: "ఇస్నాపూర్, రుద్రారం, ఎక్కుండ్రి ఎక్కుండ్రి." దానికి నెట్ అక్కరలేదు, బొత్తాం నొక్కితే చాలు. మిగతావన్నీ, చిల్లర గొడవలూ, పరామర్శలూ, కాలేజీ పిల్లలతో పరాచికాలూ, ఆటో ఆపుకుని అప్పటికప్పుడు రాసేవాడు. రాయడం ఆలస్యమయ్యేది, ఎక్కినవాళ్ళు ఓపిగ్గా ఆగేవాళ్ళు. వెనక సీటులో నిద్రపోతున్నవాళ్ళను ఆ గొంతే మళ్ళీ లేపింది.

*

ఇక్కడ చిట్కుల్ కిరాయి పద్ధతి చెప్పాలి. ఎక్కడా రాసి ఉండదు గానీ దాన్ని దాటినవాళ్ళు లేరు. గదిలో దిగేటప్పుడు రెండు నెలల కిరాయి అడ్వాన్సుగా ఓనరు చేతిలో పెట్టాలి. ఖాళీ చేసేటప్పుడు చివరి నెలల కిరాయి కట్టరు, అడ్వాన్సులో తెగుతుంది. అడ్వాన్సు తెగేదాకా ఏ ఓనరూ సామాను బయట పెట్టడు. పెడితే ఊరు ఊరుకోదు.

జైపాల్ కార్డు తెచ్చిననాడే దేవమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఇది: "అడ్వాన్స్ ఎంత?"

"గసుంటిది ఏం లేదత్తమ్మా. ఏ నెలది ఆ నెల."

"అడ్వాన్స్ లేకుంట ఎవడన్న ఇల్లిస్తడా? రేపు నువ్వు డ్యూటీల వడి మర్శిపోతివి, మీ మామ నోరు మూతవడ్తది. రొండు నెల్లది ఎక్కువెయ్యి, పడి ఉంటది."

జైపాల్ వేశాడు. ఆ రెండు నెలల సొమ్ము కార్డులో ఎప్పుడూ కదలకుండా ఉండేది, దేవమ్మ నిశ్చింతగా ఉండేది.

ఈ సంవత్సరం వానలు మొదలయ్యే రోజుల్లో జైపాల్‌కు కార్డు కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఈ దేశంలోని వాడుకదారులకు సేవ ఆపేస్తున్నామనీ, నెలాఖరులోగా మిగిలిన సొమ్మును వెనక్కి తీసుకోవచ్చనీ దాని సారాంశం. కారణం రాయలేదు. రాయాల్సిన బాధ్యత తమకు లేదని ఎప్పుడో ముందే రాసుకుని ఉంటారు. అతను ఆ సాయంత్రమే వచ్చి చెప్పాడు.

"మామా, కార్డు బంద్ అయితదట."

దేవమ్మ జొన్నరొట్టె తిప్పుతూనే అంది: "కానీ తియ్యి. అడ్వాన్స్ ఉన్నది గద. రొండు నెల్లు అండ్ల తెగుతది. గింతల ఇంకోటి సూడు."

ఆ మాట ఎవరికీ తప్పనిపించలేదు. మొగులయ్య తల ఊపాడు. రవళి కూడా ఆ గదుల మధ్య పెరిగిన పిల్లే; అడ్వాన్సు ఉండగా ఖాళీ చేయించరన్నది ఆమెకు అక్షరాలతో పాటే వచ్చిన జ్ఞానం. జైపాల్ కూడా సరేనన్నాడు. రెండు నెలల గడువుందనుకుని, నలుగురూ రొట్టెలు తిని లేచారు.

కానీ గది ఒక ఓనరుది, అడ్వాన్సు ఉన్నది మరో ఓనరు దగ్గర. గొంతును నిలబెట్టే కంపెనీ వేరు, కార్డు కంపెనీ వేరు. కార్డులో పడి ఉన్న సొమ్ము గురించి గొంతు కంపెనీకి ఏమీ తెలియదు. కార్డు ఆగిపోయిన తర్వాత గొంతు కంపెనీవాళ్ళు కిరాయికి వచ్చారు. తలుపు మూసి ఉంది. మళ్ళీ వచ్చారు, మూసే ఉంది. హెచ్చరికలు రవళి కాలేజీనాటి మెయిల్‌కు వెళ్ళాయి, అందులోనూ ప్రకటనల గుట్టలో.

*

ఒక పొద్దున పటాన్‌చెరు స్టాండులో ఒక కార్మికుడు చిల్లర విషయం అడిగాడు. మొగులయ్య జవాబు రాసి బొత్తాం నొక్కాడు. ఏమీ వినపడలేదు. మళ్ళీ నొక్కాడు. తెరమీద తెలుగులోనే వచ్చింది: మీ చందా గడువు ముగిసింది. దానికింద చిన్న అక్షరాల్లో, ఈ నెల చివర మీ గొంతు నమూనా శాశ్వతంగా తొలగించబడుతుంది.

ఆయన దాన్ని చదివి, ఫోన్ జేబులో పెట్టుకుని, ఆటో తిప్పి ఇంటికి వచ్చాడు.

ఆ రోజు నుంచి ఆయన దగ్గర మిగిలింది దాచుకున్న ఒక్క పిలుపు. నెట్ లేకుండా పలికేది అదొక్కటే. మధ్యాహ్నం దేవమ్మ అడిగింది: "అన్నం తింటవా?"

ఆయన కాసేపు ఆలోచించి బొత్తాం నొక్కాడు. "ఇస్నాపూర్, రుద్రారం, ఎక్కుండ్రి ఎక్కుండ్రి," అంది ఫోన్.

ఆమెకు నవ్వొచ్చింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే పిలుపు. మూడోసారి ఆమె అడగలేదు, పళ్ళెం పెట్టి, పక్కన కూర్చుని, మెల్లగా అంది: "ఊకో అయ్యా. పిల్లలొచ్చినంక సూద్దం."

పిల్లలు వచ్చారు. వచ్చీరాగానే గొడవ మొదలైంది.

"రెండు నెల్లున్నదంటివి గద బావా?"

"నేనెప్పుడన్న? అత్తమ్మ అన్నది. అడ్వాన్స్ అడ్వాన్స్ అని."

"కార్డోడు ఒక ఓనరు, గొంతోడు ఇంకో ఓనరని నాకు జెప్పినవా నువ్వు?" అంది దేవమ్మ. "ఒక్కని చేతుల పైసల్ వెట్టి ఇంకొకని ఇంట్ల వండుకున్నట్టాయె."

"ఇంకో కార్డున్నది," అన్నాడు జైపాల్. "వేరే కంపెనీది. ఆధార్, ఫోటో పంపాలె, వెరిఫై జేస్తరు. జెర టైం వడ్తది."

"అది సుత బంద్ అయితె?"

"అయితె ఇంకోటి."

"ఎన్ని ఇండ్లు మారుస్తవ్ బావా మా బాపుని?"

జైపాల్ ఆ కొత్త కార్డు పేజీని మూసేశాడు. తను చేసింది మేలే అనుకున్నాడు, నిజంగా మేలే చేశాడు కూడా. ఇన్ని నెలలు మామ మాట్లాడింది ఆ కార్డు వల్లే. రవళి తన బ్యాంకు కార్డుతో ప్రయత్నించింది. చేరినప్పుడు మాత్రమే ఓటీపీతో కట్టనిచ్చిన పేజీ ఇప్పుడు నెలనెలా కోత పద్ధతిలోనే అడిగింది, బ్యాంకు మళ్ళీ కాదంది.

అప్పుడు దేవమ్మ అడిగింది: "గాళ్ళు తలుపుకు తాళం వెయ్యనీ. లోపల సామానెవలిది?"

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు.

"మనోరంజన్‌ది ట్రంకుపెట్టె యాది లేదా?" అంది ఆమె.

అందరికీ యాదే. మనోరంజన్ ఒడిశా నుంచి వచ్చిన వెల్డర్. లాక్‌డౌన్ రోజుల్లో కిరాయి బాకీ ఉండగానే, రాత్రికి రాత్రి నడిచి ఊరికి బయల్దేరిపోయాడు. గది మరొకరికి ఇవ్వాల్సి వచ్చింది. అతని ట్రంకుపెట్టెను దేవమ్మ తన మంచం కింద పెట్టుకుంది. అమ్మితే బాకీ తీరుతుందని ఎవరో అన్నారు. "ఇల్లు నాది, పెట్టె వానిది," అని ఆమె ఒప్పుకోలేదు. రెండేళ్ళకు మనోరంజన్ తిరిగొచ్చి పెట్టె అడిగితే, తుడిచి ఇచ్చింది. ఇప్పుడతను అదే వరుసలో చివరి గదిలో ఉంటున్నాడు.

"మిషన్ వానిదే అనుకో. మీ బాపు ఆ గదిల కూసోని మాట్లాడింది వాని సొమ్మా? మా సామాన్ మాకియ్యుండ్రి అని అడుగు బిడ్డా. కిరాయి సంగతి తర్వాత."

రవళి మొదటిసారి ఆ కంపెనీ షరతులు తెరిచి చదవడానికి కూర్చుంది. చేరిన రోజు ఆమె "అంగీకరిస్తున్నాను" అన్న గడిని నొక్కింది. ఆ పత్రం చివరిదాకా చదవలేదు. అంత పొడవైన పత్రాన్ని, అంత చిన్న అక్షరాల్లో, ఆపరేషన్ థియేటర్‌కు తండ్రిని తీసుకెళ్ళబోయే ముందు కూతురు చదువుతుందని ఏ కంపెనీ నిజంగా అనుకుంటుంది? చదవరని తెలిసే పెట్టే గడి అది. ఇలాంటి గడులను అంగీకారం అని పిలవడం మానేసే రోజు రావాలి. ఆ రోజు వచ్చేదాకా, చదవక తప్పదు.

చదువుతూ చదువుతూ ఆమె ఒకచోట ఆగిపోయింది. వేలితో ఆ పంక్తిని పట్టుకుని మళ్ళీ చదివింది. తర్వాత బయటికి చదివింది, తెలుగులో చెబుతూ.

"రికార్డు చేసిన మాటలన్నీ మాట్లాడినోళ్ళవే. కంపెనీవి కావు. చందా ఆగిపోయినా, తొలగించే తేదీ దాక ఎప్పుడన్న దించుకోవచ్చు."

"జెప్పిన గద," అంది దేవమ్మ.

దించుకునే బొత్తాం ఖాతా పేజీ అట్టడుగున, బూడిదరంగులో ఉంది. రవళి నొక్కింది. చిట్కుల్‌లో వాన పడితే నెట్ నత్తలా నడుస్తుంది. ఆ సాయంత్రం వాన పడుతూనే ఉంది. నలుగురూ ఫోన్ చుట్టూ కూర్చున్నారు. జైపాల్ తన ఫోన్‌లోని నెట్ పంచి ఇచ్చి, సిగ్నల్ బాగుంటుందని ఫోన్‌ను గడప మీద పెట్టి, దానిపై గొడుగు పట్టుకుని నిలబడ్డాడు.

"మా నాయినకు సుత ఇట్ల గొడుగు పట్టలే నేను," అన్నాడు.

"పట్టు పట్టు," అంది రవళి. "పాపం పోతది."

ఫైళ్ళు ఒక్కొక్కటే దిగాయి. ఆఖరిది దిగాక రవళి ఏదో ఒకటి తెరిచింది. బొంతలు వేలాడదీసిన గదిలోని ఆ నిశ్శబ్దం, దానివెనక దూరంగా ఒక లారీ హారన్, ఆ తర్వాత మొగులయ్య గొంతు. మిషన్ పలికించింది కాదు. ఆయన నోటితో, ఆయన ఊపిరితో పలికింది. "నేను నిన్న బజార్కు వోయిన." దగ్గు. "బాపూ, రాసినట్టు చదువాలె." "బిడ్డా, అది నా మాట కాదు."

మొగులయ్య చెయ్యి మెడకింది రంధ్రం మీద కప్పుకున్న గుడ్డ దగ్గరికి వెళ్ళి ఆగింది. దేవమ్మ ఆయన వైపు చూడకుండా, ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. ఇక ఆ కంపెనీ తాళం వేసినా, మూసుకుపోయినా, సముద్రంలో కలిసిపోయినా, గొంతుకు మూలం ఇంట్లోనే ఉంది. ఆ మాటలతో మరో మిషన్‌కు మళ్ళీ నేర్పించవచ్చు. జైపాల్ గొడుగు ముడిచి, తడిసిన చొక్కా పిండుకుంటూ, "చాయ్ పెట్టరా ఎవలన్న?" అన్నాడు.

*

నేర్పిన గొంతును కూడా వదులుకోనక్కరలేదని తర్వాత తేలింది. రవళి ఆ కంపెనీకి ఉత్తరం రాసింది. మొగులయ్య కాగితం మీద చెప్పాల్సింది రాసిచ్చాడు. ఆమె దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది. ఆయన రాసింది ఇది: "సార్లకు నమస్తే. నేను మీ కిరాయిదారును. కిరాయి ఎగ్గొట్టలే. కట్టే తొవ్వ మూసుకపోయింది. మాకాడ కిరాయిదారు తొవ్వ దొరకక ఆగితె సామాన్ బయట వెయ్యరు. జెర ఆగుండ్రి. ఒక్కసారి కట్టే తొవ్వ సూపెడితె సాలు, ఏడాదికి సరిపోను ఒకటేసారి కడుత."

చివరి వాక్యం చూసి రవళి తల ఎత్తింది. నెలనెలా లాక్కోవడాన్నే బ్యాంకు ఆపుతోంది. ఓటీపీ కొట్టి ఒక్కసారి కట్టడాన్ని ఆపదు. మొదటి నెల జరిగింది అదే. ఆ సంగతి ఆమెకూ తెలుసు. కానీ కంపెనీ పేజీలో ఒక్కసారి కట్టే దారి ఎక్కడా లేదు. లేని దారిని అడిగి పెట్టించుకోవచ్చని అప్పటిదాకా ఎవరికీ తోచలేదు. రేట్లు రాసి అంటించిన గోడతో ఎవరూ బేరమాడరు కదా. మొగులయ్య మాత్రం గోడవెనక ఓనరు ఉంటాడనుకున్నాడు.

ఉన్నాడు. జవాబు మనిషి రాసినదే. మిషన్ జవాబైతే "కిరాయిదారు" అన్న మాటకు అంత మర్యాద దక్కేది కాదు. తొలగించే తేదీని వాయిదా వేశామని రాశారు. సంవత్సరానికి ఒకేసారి కట్టే లింకు పంపారు. తన తల్లి గదులు కిరాయికి ఇచ్చేదని, రాసినావిడ చివర్లో ఒక వాక్యం కలిపింది. రవళి దాన్ని తెలుగులో చదివి వినిపిస్తే దేవమ్మ వెంటనే అడిగింది: "ఎన్ని రూములట?"

పదేపదే తిరస్కరణల తర్వాత బ్యాంకు ఆపేసిన విదేశీ చెల్లింపును మళ్ళీ తెరిపించడానికి రవళి సగం రోజు సెలవు పెట్టింది. ఈసారి ఏం అడగాలో తెలిసి అడిగింది గనుక "మాతోని కాదు" అన్న మాట రాలేదు. లింకు తెరిచింది. ఓటీపీ వచ్చింది. ఆ అంకెలను ఆమె మొగులయ్యకు చూపించింది, ఆయనే కొట్టాడు.

జైపాల్ కూడా పాత కార్డులో ఇరుక్కున్న అడ్వాన్సును వెనక్కి తెచ్చాడు. గడువు దాటాక అడిగినందుకు కొంత కోశారు. దేవమ్మ దానికి పెద్దగా బాధపడలేదు. "గోడలకు సున్నం వేసినందుకు కోసుకున్నడనుకో," అంది. "మేం కొయ్యమా?" ఇక మామ గొంతు జోలికి క్రిప్టోను రానివ్వనని అతను ఒట్టేశాడు. తన ధరలు తాను చూసుకోవడం మానతానని మాత్రం అనలేదు. రవళి అడగనూ లేదు.

రికార్డింగుల నకళ్ళు ఇప్పుడు రవళి దగ్గర ఒకటి, జైపాల్ దగ్గర ఒకటి ఉన్నాయి. మూడోది ఒక చిన్న పెన్‌డ్రైవ్‌లో వేసి, దేవమ్మ మంచం కింద, మనోరంజన్ ట్రంకుపెట్టె ఒకప్పుడు ఉన్నచోట పెట్టించుకుంది. ఎందుకని అడిగితే, "సామాన్ పెట్టే జాగ గదే," అంది.

సంవత్సరం కిరాయి కట్టిన మరునాడు మొదటి షిఫ్టుకు పటాన్‌చెరులో ఆటో నిండింది. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఇస్నాపూర్ దాటి కంపెనీల వైపు మలుపు దగ్గర మొగులయ్య ఆటో పక్కకు ఆపి, రాసి, నొక్కాడు. "పైపుల కంపెనోళ్ళు లేవుండ్రి. టిఫిన్ డబ్బ మర్శిపోకుండ్రి." చివర దగ్గు. వెనక సీటులోంచి ఒకడు కళ్ళు తెరవకుండానే డబ్బా తడుముకుంటూ అన్నాడు: "ఏడవోయిందే అన్నా నీ గొంతు ఇన్ని దినాలు? నీ ఆటోల కూసోని సుత స్టాప్ దాటిపోయిన రొండుసార్లు."

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి దేవమ్మ గిన్నెలు దించుతోంది. కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్న మనిషిని చూసి అడిగింది: "అన్నం తింటవా?"

మొగులయ్య ఫోన్ తీశాడు. ఇప్పుడు ఏదైనా రాయగలడు, ఏదైనా పలికించగలడు. బొటనవేలు అక్షరాల మీద కాసేపు ఆడింది. తర్వాత ఆయన ఆ పేజీని మూసి, పాత బొత్తాం నొక్కాడు.

"ఇస్నాపూర్, రుద్రారం, ఎక్కుండ్రి ఎక్కుండ్రి."

దేవమ్మ గరిటె ఎత్తింది. "ఎక్కుత గని," అంది, "ముందుగాల కిరాయి చెప్పు."

ఆయన భుజాలు చప్పుడు లేకుండా కదిలాయి.